రాజని పొయ్యిలు

రైలు క్వార్టర్సు అమ్మగార్ల తెల్లచీరలు నల్లబడేదాకా నూనెమిల్లు పొగ సంగతి సర్కారుకు తెలియలేదు. మిల్లు గోడను ఆనుకుని ఉన్న గేరిలో, ఆ కూలీల వాడలో, జనం ఏళ్ల తరబడి నల్లగా ఉమ్ముతున్నా ఒక్క అధికారి ఇటు తొంగి చూడలేదు. గుత్తి స్టేషను అవతల దండేల మీద ఆరేసిన బట్టలకు జిడ్డు మసి అంటుతోందని పెద్దవాళ్ల ఇళ్ల నుంచి కాగితాలు పోయేసరికి మాత్రం, పట్నం నుంచి మిషను కూడా వేసుకుని మనిషి దిగిపోయాడు. చీరకున్న పాటి విలువ మనిషి రొమ్ముకు లేదు.

ఈ మాట తిప్పమ్మ చెవిన పడినప్పుడు ఆమె తండ్రి నల్లప్పను గోడకు ఆనించి కూర్చోబెట్టి వీపు రాస్తోంది. ఆయన పడుకుంటే ఊపిరి ఆడదు. కూర్చుంటే నడుం నిలవదు. ఆ మిల్లు బాయిలరు నోట్లోకి పారతో వేరుశనగ బుడ్డల పొట్టు ఎగదోసీ ఎగదోసీ ఆయన భుజాలు వంగిపోయాయి. పొట్టు చాలదని మిల్లు షావుకారు పాత లారీ టైర్లు, షెడ్లలో పారబోసే నల్లనూనె కొనిపించడం మొదలుపెట్టినప్పటి నుంచి దగ్గు పట్టుకుంది. ఇప్పుడు పనికిరాడని మిల్లు వదిలేసింది గాని దగ్గు వదల్లేదు.

"చీరలకు మసి అంటిందనా నాయనా, ఆఫీసరొచ్చినాడంట" అంది తిప్పమ్మ.

నల్లప్ప నవ్వబోయాడు. నవ్వు సగంలోనే దగ్గయింది.

మిషను పెట్టడానికి తిప్పమ్మ మిద్దె కుదిరింది. తూర్పున మిల్లు, పడమర రైలు క్వార్టర్లు, నడుమ గేరి. ఆ కాలంలో గాలి తూర్పు నుంచి పడమరకు. పొగ పోవాలంటే ఈ మట్టిమిద్దెల మీద నుంచే పోవాలి. వచ్చిన ఆఫీసరు పేరు వామనరావు. సముద్రం వైపు మనిషి, మాట మెత్తన. చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కాడు. కోళ్లగంపంత పెట్టె ఒకటి మిద్దె మీద నిలబెట్టి, రైలు క్వార్టర్ల నుంచి కరెంటు తీగ లాగించాడు. పెట్టె మూత తీసి, తెల్లటి కాగితం ఒకటి పటకారుతో పట్టి పరిచాడు. వేలు తగలనివ్వలేదు. మీట నొక్కగానే పెట్టె జుయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. కింద గేరిలో కుక్కలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి.

"ఏం చేస్తాది సార్ ఇది?" అని అడిగింది తిప్పమ్మ, నిచ్చెన పట్టుకుని నిలబడి.

"గాలి పీలుస్తుందమ్మా. గాల్లో కంటికి ఆననంత సన్న నలుసులు ఉంటాయి కదా, అవి ఈ కాగితం మీద ఆగిపోతాయి. ఇది మామూలు కాగితం కాదు, గాజుపీచుతో చేసింది. దీన్ని మా లాబొరేటరీలో బెంజీన్ అనే ద్రవంలో మరిగిస్తాం. మట్టి దుమ్మయితే కరగదు. పొగలో ఉండే తారులాంటి జిడ్డు కరిగి దిగుతుంది. దాన్ని తూస్తాం. ఆ జిడ్డే అసలు చెడ్డది. ఊపిరితిత్తుల అడుక్కు పోయి కూర్చుంటుంది."

"మా నాయన ఆ గోడకు ఆనుకోని కూచోని ఉండాడు. ఆయన్ను తూయండి సార్. ఈ పెట్టె ఎందుకు?"

వామనరావు కిందికి చూశాడు. నల్లప్ప ఆయనకు చేతులెత్తి దండం పెట్టాడు. ఆ దండం చూసి తిప్పమ్మకు కోపం రెట్టింపయింది. ఎవరికి దండం, ఎందుకు దండం అనుకుంది.

అప్పటికే మిల్లు మేనేజరు మల్లికార్జునయ్య వచ్చి గేరి మొగదల నిలబడ్డాడు. ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. తన మిల్లు పొగ వాసనకు కాదు, గేరి వాసనకు.

"సార్, తమరు చదువుకున్నోళ్లు. ఒక్క మాట ఆలోచన చేయండి. ఈ గేరిలో పొయ్యి లేని ఇల్లు లేదు. కంపలు, పిడకలు, కందికట్టె, ఏది దొరికితే అది తగలబెడతారు. ఆ పొగ యాడికి పోతాది? మా మిల్లులో మండేది శుద్ధమైన బుడ్డల పొట్టు."

"టైర్లు?" అంది తిప్పమ్మ.

"ఏం టైర్లు? యాడ చూసినావు? చూపియ్ సార్‌కు!"

చూపించడానికేముంది, ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే టైర్ల కుప్ప మీద గోనెలు కప్పేశారు. వామనరావు తల గోక్కున్నాడు.

"నేను చూడనిది రాయలేనమ్మా. ఆయన చెప్పిందాంట్లో కూడా ఒక నిజం ఉంది. కట్టెల పొగలోనూ ఆ జిడ్డు ఉంటుంది. కాగితం నల్లబడ్డాక ఇది మిల్లు పొగ, ఇది పొయ్యి పొగ అని పేర్లు రాసి ఉండవు. అందుకే పొయ్యిల సంగతి కూడా కనుక్కోవాలి." ఆయన తిప్పమ్మ గడప ముందుకు వచ్చాడు. "మీ ఇంట్లో పొయ్యి రోజుకు ఎన్ని పూటలు వెలుగుతుంది?"

గేరి ఆడవాళ్లందరూ చుట్టూ చేరి ఉన్నారు. తిప్పమ్మ గడపకు అడ్డంగా జరిగింది. ఆమె వెనక, గుడ్డివెలుతురులో, పొయ్యి చల్లగా ఉంది. మొన్నటి బూడిద మొన్న ఉన్నట్టే ఉంది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. బుడ్డలు పూత మీదే మాడిపోయాయి. కోత లేదు, కూలి లేదు. దొరికిన నాడు రేషను జొన్న ఇంత నూరి కాచుకోవడం, దొరకని నాడు నీళ్లు తాగి పడుకోవడం. గేరిలో ఇంటింటిదీ అదే కథ. కాని కోస్తా నుంచి చొక్కా మడత నలగకుండా వచ్చిన పరాయి మనిషి ముందు, అందులోనూ మిల్లు మేనేజరు చెవులు రిక్కించి వింటుండగా, మా పొయ్యి రాజలేదని ఏ ఆడది చెప్పుకుంటుంది? ఆ మాట అన్నాక ఇంక ఇంటికి మిగిలేదేముంది?

"రెండు పూటలా రాజేస్తాం సార్. మేమేమన్నా అడుక్కుతినేటోళ్లమా?" అంది తిప్పమ్మ.

పక్కింటి ముసలి గంగక్క ఊరుకుంటుందా! "మాది మూడు పూటలా సామీ. నీళ్లు కాగబెట్టేకి మళ్లా బయట వేరే పొయ్యి" అంది, ఎముకలు తేలిన చెయ్యి గాల్లో తిప్పుతూ. ఇంకొకామె మా ఇంట్లో అయితే ఆరేదే లేదంది. ఒకరిని మించి ఒకరు. కడుపులు వీపులకు అంటుకుపోయిన ఆడవాళ్లు అంతా కలిసి, లేని సంగటి, లేని చారు, లేని వేన్నీళ్లు ఆఫీసరు ముందు వండి వార్చారు. వామనరావు అన్నీ రాసుకున్నాడు.

మల్లికార్జునయ్య ముక్కు మీద నుంచి ఉత్తరీయం తీసి హాయిగా నవ్వాడు.

"విన్నారు గదా సార్! వాళ్ల నోటితో వాళ్లే చెప్పినారు. ఈ అమాసకు మిల్లు బందు పెట్టి యంత్రాలకు పూజ చేస్తాం. అంతదాకా ఉండి ప్రసాదం తీసుకోని పోండి."

పోతూ పోతూ తిప్పమ్మ దగ్గర ఆగి, ఆఫీసరుకు వినబడకుండా గొంతు తగ్గించాడు. "పొగ మీదేనని సారు రాసినాడంటే, గేరిని ఎత్తిచ్చేకి తాసీల్దారుకు అరగడియ పట్టదు తిప్పమ్మా. షావుకారుకు గోడౌను కట్టేకి జాగా లేకుండా ఉండాది. శానా మంచి మాట చెప్పినావు."

తిప్పమ్మకు నాలుక కోసుకోవాలనిపించింది. ఇంటి గుట్టు దాచుకోబోయి ఇంటినే ఊడగొట్టుకుంది. పరిగెత్తి పోయి ఆఫీసరుతో అబద్ధమని చెబుదామా అనుకుంది. కాని చెబితే పొయ్యి చూపించాలి.

మరునాడు పొద్దున వామనరావు వచ్చి పెట్టె మూత తీశాడు. నిన్న పాలమీగడలా ఉన్న కాగితం ఇవాళ పెనం అడుగులా ఉంది. పటకారుతో ఎత్తి అంచు వంచి చూపించాడు. దుమ్ములా రాలలేదది, అట్టకట్టి జిడ్డుగా మెరిసింది. నలుపు లోపలికి వచ్చేలా మడిచి, కవరులో పెట్టి, కొత్తది పరిచే పనిలో పడ్డాడు.

కింద ఇంట్లో తిప్పమ్మ తండ్రి నోటికి చెంబు అందించింది. రాత్రంతా ఎగపోసిన ఊపిరి తెల్లవారాక కాస్త తగ్గిందని సంబరపడింది పిచ్చిది. పైన ఆఫీసరు అడుగులకు మిద్దె నుంచి మట్టి పొడిపొడిగా రాలుతుంటే, నల్లప్ప మొహాన పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. నీళ్లు ఆయన నోట్లోకి పోయినట్టే పోయి, పెదవి చివర నుంచి గడ్డం మీదికి జారాయి.

"నాయనా!"

అప్పుడే పైన మిషను జుయ్యిమంది.

తిప్పమ్మ కేకకు గేరంతా వచ్చింది. వామనరావు కంగారుగా నిచ్చెన దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియలేదు. "మిషను ఆపేయమంటారా అమ్మా?" అని అడిగాడు.

తిప్పమ్మ తండ్రి కళ్లు మూసి, గడ్డం మీది నీళ్లు కొంగుతో తుడిచింది. తుడిచిన చోట కొంగు నల్లబడింది.

"ఆపొద్దు సార్. మా నాయన యింగ పీల్చడు. అదన్నా పీల్చనీ."

శవాన్ని కడిగి, అరుగు మీద పడుకోబెట్టారు. గంగక్క గేరి మధ్యన నిలబడి గట్టిగా చెప్పింది. "ఎవురూ పొయ్యి రాజేయొద్దండి. నల్లప్పన్న లేచేదాకా గేరిలో నిప్పు ముట్టిచ్చకూడదు." చెప్పాల్సిన ఆచారం కాబట్టి చెప్పింది. ఎవరికీ తెలియంది కాదు. చావు జరిగిన గేరిలో శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ నిప్పు పడదు. ఆ మాట విన్నాక ఆడవాళ్లు కొందరు గుండెల నిండా గాలి పీల్చుకున్నారేమో కూడా. ఆ ఒక్క దినమూ పొయ్యి రాజకపోవడం అవమానం కాదు, మర్యాద.

సాయంత్రానికి బూడ్చిపెట్టాలని పెద్దమనుషులు అనుకున్నారు. అంతలో మిల్లు ఎద్దులబండి గేరిలోకి వచ్చి ఆగింది. బండిలో బియ్యం మూట, పక్కన మోపులకు మోపులు కట్టెలు. వెనకాలే మల్లికార్జునయ్య.

"నల్లప్ప మా మిల్లుకు శానా చేసినాడమ్మా. షావుకారుకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. గేరంతా బువ్వ వండుకోని తినమని పంపిచ్చినాడు." బియ్యం మూట తిప్పమ్మ గుమ్మం పక్కన దింపించాడు. "ఇంటికింత పంచుకోని ఇప్పుడే రాజేయండి. పసిబిడ్డలు ఆకలితో ఉండారు. ఆచారాలు పెద్దోళ్లకు గాని, పిల్లోళ్లకు ఏముండాయి?"

నాయన మంచాన పడ్డ దినం నుంచి గ్లాసెడు మజ్జిగ పంపని షావుకారు! పనిలోకి రాని దినాల కూలి అడగబోతే గేటు దగ్గరే నిలబెట్టి తరిమేసిన షావుకారు! తిప్పమ్మ మూట వంక చూడలేదు. మేనేజరు మొహం చూసింది. ఆయన శవాన్ని చూడటం లేదు. తల ఎత్తి మిద్దె మీద మొత్తుకుంటున్న పెట్టెను చూస్తున్నాడు. తరవాత గేరిలో పొగ లేవని కప్పులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. నిన్న పరమానందంగా నవ్విన మనిషి మొహంలో ఇవాళ ఏదో తొందర.

అప్పుడు వెలిగింది తిప్పమ్మకు. పొయ్యి మండకుండా కాగితం నల్లబడితే వీడి కొంప మునుగుతుంది. అందుకని పంపాడు బియ్యం. మా నాయన చావు మీద కూడా వీడు పొగ పెట్టుకోవాలనుకుంటున్నాడు.  ఏడుపు చోట్లోకి కోపం వచ్చి కూర్చుంది.

"మా అక్క మారెమ్మ చిలమత్తూరు నుంచి రావాల. ఆయమ్మ నాయన మొగం చూసేదాకా శవాన్ని ఎత్తేది లేదు" అంది.

"చిలమత్తూరా! కబురు పోయేదెప్పుడు, ఆయమ్మ వచ్చేదెప్పుడు? రేపు పొద్దున అవుతాది గదే!" అన్నాడు మేనేజరు.

"అయితే కానీ."

"శవాన్ని పెట్టుకోని రాత్రంతా..."

"మా నాయన. నేను పెట్టుకుంటా. మీకేమయ్యా కష్టం?"

కుళ్లాయప్ప అనే పడుచువాడు హిందూపురం బండికి పరిగెత్తాడు. మల్లికార్జునయ్య బియ్యం మూట వదిలేసి పోయాడు. ఎవరో ఒకరు తెగించి పొయ్యి ముట్టించకపోతారా అని ఆయన నమ్మకం. ఆకలి మీద నమ్మకం.

ఆ మధ్యాహ్నం తిప్పమ్మకు గడిచినట్టు పగవాళ్లకు కూడా గడవకూడదు. గేరి పిల్లలు మూట చుట్టూ చేరారు. కుట్టు సందులోంచి నాలుగు గింజలు రాలితే, ఒక పసిది వాటిని మట్టితో సహా ఏరుకుని నములుతోంది. దాని తల్లి తిప్పమ్మ దగ్గరకొచ్చి గుసగుసగా, "అక్కా, పిల్లోళ్లకు మాత్రం ఇంత గంజి కాచుకోనా? ఒక్క పొయ్యే గదా" అని అడిగింది.

ఆ తల్లిని కాదనడానికి తానెవరు? తిప్పమ్మకు నోటిదాకా వచ్చింది, కాచుకోమ్మా అని. అరుగు మీద నాయన బొటనవేళ్లు కలిపి కట్టిన తెల్లగుడ్డ అప్పుడే బూడిదరంగుకు తిరిగింది. మిల్లు గొట్టం గుప్పుగుప్పున వదులుతూనే ఉంది.

"ఈ ఒక్క దినం ఓర్చుకోమ్మా. రేపు నాయనను సాగనంపినాక మొదట నీ పొయ్యే రాజేద్దాం. ఈ పొద్దు రాజేసినామంటే పొయ్యి ఉంటాది, దాన్ని పెట్టుకునేకి ఇల్లుండదు."

ఆమె పిల్లను చంకనేసుకుని, చెంబుతో నీళ్లు పట్టించి జోకొట్టింది. పొగ గురించి, కాగితం గురించి తిప్పమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ఆ మాట ఇంటింటికీ పాకిపోయింది. ఏ ఇంట్లోనూ అగ్గిపుల్ల గీసిన చప్పుడు లేదు. వామనరావు రెండుసార్లు వచ్చి, గేరి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, పొగ లేని కప్పులు చూసుకుని పోయాడు.

తెల్లవారాక మారెమ్మ వచ్చింది. స్టేషను నుంచే ఏడుస్తూ వచ్చి తండ్రి మీద పడింది. ఆ ఏడుపు మధ్యనే వామనరావు నిచ్చెన ఎక్కాడు, మల్లికార్జునయ్య పిలవని పేరంటంగా వచ్చి కింద నిలుచున్నాడు. కాగితం బయటికి వచ్చింది. నలుపు. మొన్నటి నలుపే. వామనరావు కవరులో నుంచి మొన్నటిది కూడా తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. ఏది ఏదో చెప్పడం కష్టం.

గేరంతా మేనేజరు వైపు తిరిగింది. ఆయన కొంచెం కూడా తొణకలేదు. రాత్రంతా కూర్చుని ఆలోచించుకుని వచ్చాడు.

"చూడండి సార్. మొన్న పొయ్యిలన్నీ మండినాయి, నలుపు. నిన్న ఒక్క పొయ్యి కూడా మండల్యా, అయినా అంతే నలుపు. ఇంటింటికీ రెండు పూటలా, మూడు పూటలా మండే పొయ్యిలు ఆరిపోతే కాగితంలో అణువంత తేడా రావద్దా? రాల్యా. అంటే ఏమన్నట్టు? మీ మిషను చెడిపోయినట్టు. చెడిపోయిన మిషను పట్టుకోని మా మిల్లు మీద రాసినారంటే షావుకారు హైదరాబాదు దాకా పోతాడు."

వామనరావు మొహంలో రంగు మారింది. "తేడా రావాలి... నిజమే" అన్నాడు తనలో తను. "అన్ని పొయ్యిలు ఆరితే కొంతయినా తగ్గాలి. మిషను తెచ్చేటప్పుడు రైల్లో దెబ్బ తిందేమో." ఆయన చెయ్యి మీట వైపు పోయింది. జుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. "తీసుకెళ్లి పరీక్ష చేయిస్తాను. మళ్లీ ఎప్పుడు పంపిస్తారో చెప్పలేను."

మళ్లీ పంపరు. అది అందరికీ తెలుసు. చీరలు ఇంకోచోట ఆరేసుకుంటారు, గేరిని ఎత్తేస్తారు, అంతే.

తిప్పమ్మ తండ్రి కాళ్ల దగ్గర నుంచి లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. నిచ్చెన దగ్గరకు వచ్చింది.

"మిషను మంచిగానే ఉండాది సార్. అది అబద్ధం చెప్పల్యా. మేం చెప్పినాం."

"ఏమిటమ్మా?"

"మొన్న కూడా పొయ్యి రాజల్యా సార్. మా ఇంట్లో అంతకు ముందు దినం నుంచి రాజల్యా."  ఆమె ఇంకా గట్టిగా అరిచింది. "లోపలికొచ్చి చూసుకోండి. బూడిదలో చెయ్యి పెట్టి చూడండి. తినేకి లేదు. ఆ మాట మీ ముందర చెప్పేకి సిగ్గయి రెండు పూటలని కోతలు కోసినా. తిండి లేనిది మాకు. సిగ్గు కూడా మాకేనా సార్? ఆయనకొద్దా?" అని మేనేజరు వైపు వేలు చూపింది.

 తిప్పమ్మ తమ అందరి గుట్టూ నడివీధిలో పడేసిందని కొందరి మొహాలు ముడుచుకుపోయాయి. 

గంగక్క కర్ర పోటేసుకుంటూ ముందుకు వచ్చింది. "మాది కూడా అంతే సామీ. మూడు పూటలంటిని గదా, మా పొయ్యిలో పిల్లి లేచి శానా దినాలాయ. వేన్నీళ్లు కూడా ఉత్తదే" అంది.

నిన్న గంజికి అడిగిన తల్లి, "మాది కూడా రాజల్యా సార్" అంది. తరవాత ఇంకొకామె. తరవాత మగవాళ్లు, తల దించుకుని. "మాది రాజల్యా." "మాది రాజల్యా." గేరి చివరిదాకా పోయింది ఆ మాట. వామనరావు కాగితం, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే రెండు కాగితాలూ మిల్లువే" అన్నాడు చివరికి. "కాని ఇప్పుడు ఇంకొకటి కావాలి. మిల్లు ఆగి, పొయ్యిలు మండిన రోజు ఒకటి. అది కూడా ఉంటే ఎవరూ కాదనలేరు."

"ఈ పొద్దు అమాసే గదా సామీ!" అంది గంగక్క. "అదో, గొట్టంలో పొగ కూడా లేదు. పూజకు బాయిలరు సల్లార్చినారు."

అందరూ తూర్పుకు తిరిగి చూశారు. నిజమే. మిల్లు గొట్టం ఉత్తగా నిలబడి ఉంది. తరవాత అందరి చూపులూ తిప్పమ్మ గుమ్మం పక్కనున్న బియ్యం మూట మీదికి, కట్టెల మోపుల మీదికి తిరిగాయి. మల్లికార్జునయ్య చూపు కూడా అక్కడే వాలింది. ఒక్క క్షణం ఆలస్యంగా.

"ఏమప్పా, బండి తిప్పు!" అని బండివాణ్ణి కేకేశాడు. "మూట ఎక్కిచ్చు. వీళ్లకు విశ్వాసం లేదు."

తిప్పమ్మ పోయి మూట మీద చెయ్యి వేసింది.

"సావింటికి ఇచ్చింది ఎనక్కి ఎత్తుకోని పోతారా అయ్యా? అదీ అమాసనాడు? తీసుకోని పోండి. తీసుకోని పోయి షావుకారు పూజ గదిలోనే పెట్టండి. శవం పక్కన రాత్రంతా ఉన్న మూట."

బండివాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను ముట్టనంటే ముట్టనన్నాడు. మల్లికార్జునయ్య మూట వైపు ఒక అడుగు వేసి, యంత్రాలకు హారతి ఇవ్వాల్సిన చేతులని గుర్తొచ్చి, ఆగిపోయాడు. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

వామనరావు కొత్త కాగితం పరిచి మీట నొక్కాడు.

నల్లప్పను పొద్దు నడినెత్తికి రాకముందే వంక గట్టున బూడ్చిపెట్టి వచ్చారు. స్నానాలయ్యాక బియ్యం పంచారు. మాట ఇచ్చినట్టే తిప్పమ్మ మొదటి నిప్పు ఆ పసిదాని తల్లి పొయ్యిలో వేసింది. అక్కడి నుంచి ఇంటింటికీ నిప్పు పోయింది. గేరిలో అన్ని పొయ్యిలూ ఒక్కసారే మండాయి. కప్పుల మీద పొగ లేచి, పెట్టె మీదుగా రైలు క్వార్టర్ల వైపు సాగింది. ఆడవాళ్లు కావాలనే పచ్చికట్టె కూడా వేశారు. షావుకారు కట్టెలు, షావుకారు బియ్యం. తిప్పమ్మ అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద నాయన పేరన పక్కన పెట్టింది. రెండోది నోట్లో పెట్టుకుంది. మింగుడుపడలేదు. అయినా మింగింది, పళ్లు బిగబట్టి, విస్తరి ఖాళీ అయ్యేదాకా.

మరునాడు పొద్దున వామనరావు ఆమెను కూడా నిచ్చెన ఎక్కి రమ్మన్నాడు. పెట్టె తెరిచాడు. కాగితం మీద పలచగా, ఎండుగడ్డి రంగు చారలాంటిది పడి ఉంది, అంతే. దాని పక్కన మొన్నటి రెండు నల్లకాగితాలూ పెట్టాడు. మూడింటినీ చాలాసేపు చూసింది తిప్పమ్మ.

"ల్యాబులో తూచాక రిపోర్టు రాస్తాను. మిల్లు పొగేనని రాస్తాను. గేరిని ఎత్తించడానికి దీన్ని ఎవరూ వాడలేరు, అంతవరకు నాది పూచీ" అన్నాడు ఆయన. "మిల్లు మీద ఏ చర్య తీసుకుంటారో మాత్రం నా చేతుల్లో లేదు."

తిప్పమ్మ ఆ మిద్దె మీద నుంచి పడమటికి చూసింది. పట్టాల అవతల క్వార్టర్ల ముందు దండేల మీద చీరలు ఆరేసి ఉన్నాయి. నిన్న మిల్లు లేదు గదా, ఒక్క మరక లేకుండా తెల్లగా ఎగురుతున్నాయి.

"ఆ రిపోర్టులో ఏముంటాది సార్ మొదట?"

"ఎందుకు విచారణ చేశామో ఉంటుంది. రైల్వే కాలనీలో బట్టలు పాడవుతున్నాయని ఫిర్యాదు వచ్చింది కదా, అది."

"మా నాయన పేరు నల్లప్ప. మిల్లులో బాయిలరు కాడ పని చేసినాడు. ఆ పొగకే సచ్చిపోయినాడు." ఆమె ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. "ఆ మాట కూడా రాయండి సార్. చీరల కిందన్నా సరే, రాయండి."

వామనరావు జేబులో నుంచి పెన్ను తీశాడు. అప్పుడే మిల్లు కూత పెట్టింది. గొట్టంలో నుంచి మొదటి పొగ నల్లగా లేచి, గాలికి ఇటు తిరిగింది. ఆయన అడక్కముందే తిప్పమ్మ కొత్త కాగితానికి పెట్టె మూత ఎత్తి పట్టుకుంది.